బొమ్మలొస్తున్నాయి, జరగండి!

పేరంటానికి వచ్చినావిడ పసుపు రాయించుకుని, తాంబూలం పుచ్చుకుని, నాలుగు మాటలు మాట్లాడి వెళితే ముచ్చటగా ఉంటుంది. అలా కాకుండా, కొత్తగా చేయించుకున్న బీరువా మనకి కూడా చూపిద్దామని రిక్షాలో వేయించుకొచ్చి మన వీధిగుమ్మంలో దింపించిందనుకోండి! బీరువా మంచిదే. టేకుది. ఆవిడ ఉద్దేశమూ మంచిదే. కానీ లోపలివాళ్ళు బయటికి పోలేరు, బయటివాళ్ళు లోపలికి రాలేరు. ఆవిడని కోప్పడాలా, బీరువా బాగుందని మెచ్చుకోవాలా? మీరైతే ఏం చేస్తారు?

అక్షరాలు మాత్రమే రాసుకుందామని ఒప్పందం చేసుకున్న కంప్యూటరు గుంపుల్లోకి ఫొటోలు పంపేవాళ్ళ సంగతి ఇంచుమించు ఇలాంటిదే. గుంపంటే మరేం లేదు. ఒక చిరునామాకి మీరొక ఉత్తరం రాస్తే అది సభ్యులందరికీ చేరుతుంది. ఎవరు జవాబు రాసినా అదీ అందరికీ చేరుతుంది. వీధి అరుగుమీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టే, కాకపోతే అరుగు కనపడదు. అలాంటి కొన్ని గుంపుల్లో "ఇక్కడ మాటలే, బొమ్మలు వద్దు" అని ఒక నియమం ఉంటుంది. ఆ నియమం గురించి రాస్తానంటే మావారు, "దేశంలో ఇంకేం సమస్యలు లేవా నీకు?" అన్నారు. లేకేం, బోలెడున్నాయి. కానీ ఈ చిన్న విషయం దగ్గరే ఒకావిడ మాకు శాశ్వతంగా దూరమైపోయింది. ఇంకొకావిడ దూరం కాబోయి ఆగింది. ఆ ఇద్దరి గురించీ చెప్పాలనిపించింది.

మొదటావిడ సంగతి 1997 నాటిది. అప్పుడు మేం మద్రాసులో ఉండేవాళ్ళం. 1996లోనే అది చెన్నై అయిపోయింది లెండి, మా నోటికి మాత్రం మద్రాసే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్ వాళ్ళు మొదలుపెట్టిన ఆ సౌకర్యం ముందుగా అందుకున్న ఊళ్ళలో మద్రాసు ఒకటి. అప్పట్లో రెండు రకాల ఖాతాలుండేవి. ఒకదాంట్లో బొమ్మలూ రంగులూ కనిపిస్తాయి, ఖరీదు ఎక్కువ. రెండోది ఒట్టి అక్షరాల ఖాతా. మాది సంసారపక్షం కాబట్టి రెండోదే. నల్లటి తెర, దానిమీద తెల్లటి అక్షరాలు, అంతే. పలకమీద సుద్దముక్కతో రాసినట్టుండేది. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మావారు మోడెమ్ కలిపేవారు. అది కీచుకీచుమని అరిచి, కాస్సేపు గొణిగి, చివరికి దయతలిచేది.

మా గుంపులో ఎక్కువమంది అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు. మాలాంటివాళ్ళం కొద్దిమందిమి. తెరమీద తెలుగు లిపి రాని రోజులవి. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళం. దానికీ ఒక పద్ధతి ఉంది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కాబట్టి దాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. చిన్న "టీ" కొడితే త, పెద్ద "టీ" కొడితే ట. వేలు కాస్త బద్ధకిస్తే పాట కాస్తా పాత అయ్యేది, కోట కోత అయ్యేది. అయినా ఎంత సంబరంగా ఉండేదో! పులిహోరలో ఇంగువ ఎప్పుడు వెయ్యాలన్న దగ్గర్నించి తిక్కన గొప్పా, పోతన గొప్పా అన్నదాకా రాత్రి పన్నెండు దాటేది.

ఆ గుంపులో మిచిగన్ నించి ఒకావిడ రాసేది. పుట్టిల్లు గుంటూరు వైపు. ఊళ్ళో ఇంకో తెలుగు కుటుంబం లేదట. ఆర్నెల్లు మంచు, పొద్దున పోయిన భర్త రాత్రికి వస్తాడు, చంటిపిల్ల, తనూ. "మీ ఉత్తరాలు రాకపోతే నా మాటలు నేను మర్చిపోతాను" అని ఒకసారి రాసింది. అలాంటి ఆవిడ ఒకరోజు పాపాయికి అన్నప్రాసన చేసుకుంది. చూడడానికి అత్తగారు లేదు, అమ్మ లేదు, మేనమామ లేడు. ఉన్నదల్లా మా గుంపు. అందుకని ఫొటోని ఎక్కడో స్కాను చేయించి, గుంపు చిరునామాకి పంపింది.

మా నల్లతెరమీద పాపాయి రాలేదు. "బిగిన్" అని ఒక మాట, 644 అని ఒక అంకె, ఫైలు పేరు, తర్వాత దిగింది చూడండి, అక్షరాల అడవి! కామాలు, ప్రశ్నార్థకాలు, అంకెలు, ఆశ్చర్యార్థకాలు. ప్రతి వరసా "ఎమ్" అనే అక్షరంతో మొదలవడం. మంత్రమా, తంత్రమా అని నేను బెదిరిపోయాను. మావారు నవ్వి, "ఇది ఫొటోనే. అక్షరాలు తప్ప ఇంకేమీ పోని దారిలో బొమ్మని పంపాలంటే దానికి అక్షరాల వేషం వెయ్యాలి. అవతల ఆ వేషం విప్పితే బొమ్మ అవుతుంది" అన్నారు. మన దగ్గర వేషం విప్పే సాధనమూ లేదు, విప్పినా బొమ్మ చూపించే తెరా లేదు.

ఆ లెక్క కూడా ఆయనే చెప్పారు. ఒక్కో వరసలో బొమ్మ తాలూకు 45 బైట్లు పడతాయి. 300 కిలోబైట్ల ఫొటో అంటే దాదాపు 6,800 వరసలు. మా తెరమీద ఒకసారికి 24 వరసలు. అంటే 280 తెరలకు పైమాటే. పైగా వేషం వేసేసరికి బొమ్మ బరువెక్కి 410 కిలోబైట్లు దాటుతుంది. ఉత్తరాలన్నీ తమ కంప్యూటర్లోకి దించుకుని చదివేవాళ్ళకి, సెకనుకి 14.4 కిలోబిట్లు మోసే మోడెమ్ మీద, ఆ ఒక్క ఉత్తరానికే దాదాపు నాలుగు నిమిషాలు. అదే ఒక పేజీ ఉత్తరమైతే రెండు సెకన్లు చాలు. గుంపులో నూరుమంది ఉంటే అందరి నిమిషాలూ కలిపి ఆరున్నర గంటలు. ఊళ్ళోకి చేసే ఫోనుకి కూడా అప్పట్లో మీటరు తిరిగే మన దేశంలో అవి ఒట్టి నిమిషాలు కావు, డబ్బులు.

అందుకని మర్నాడు ఒక పెద్దమనిషి గుంపులోనే, అందరికీ కనిపించేలా ఆవిడకి రాశాడు. "చేరినప్పుడు పంపిన నియమాలు చదివారా? చదవడం వచ్చా? మీ కుటుంబ వినోదానికి మేము డబ్బు కట్టాలా?" అని. ఆయన వెనక ఇంకో ఇద్దరు. ఆవిడ రెండు లైన్లు రాసింది. "తెలియక పంపాను, క్షమించండి. పాప బాగానే ఉంది" అని. అంతే, మళ్ళీ ఆ పేరు తెరమీద కనిపించలేదు. నేను విడిగా ఒక ఉత్తరం రాశాను. పాపాయి ఏ రంగు గౌను వేసుకుందో, ముందు ఏం ముట్టుకుందో, పుస్తకమా, బంగారమా, కత్తా అని అడిగాను. జవాబు రాలేదు. ఆ పిల్లకి ఇప్పుడు ఇరవై ఏళ్ళు ఎప్పుడో దాటి ఉంటాయి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పెద్దమనిషి చెప్పిన లెక్కలో తప్పు లేదు. ఆ నియమం ఎవరో పనిలేనివాళ్ళు పెట్టింది కాదు. 1979లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనేవాళ్ళు యూజ్‌నెట్ అనే చర్చా వేదికని తలపెట్టారు. దాని పద్ధతి చిత్రంగా ఉండేది. ఒక కంప్యూటరు ఇంకో కంప్యూటరుకి ఫోను చేసి కొత్త జాబులు అప్పజెప్పేది. అది మరోదానికి. మన అమ్మలక్కలు గోడమీదుగా కబురు అందించుకున్నట్టే. కబురు వెళ్ళిన ప్రతిచోటా దాని నకలు ఒకటి ఉండిపోతుంది. మాటలైతే ఫర్వాలేదు. బొమ్మ అయితే ప్రతి ఇంటివాళ్ళూ ఆ బీరువా మోసి, తమ గదిలో చోటిచ్చి, పక్కింటికి కూడా మోయాలి. అందుకే బొమ్మలకీ, అలాంటి బరువు సరుకులకీ "బైనరీస్" అనే పేరుతో వేరే గుంపులు పెట్టారు. ఇష్టమైనవాళ్ళు అక్కడికి వెళ్ళి చూసుకుంటారు. మాటల గుంపులోకి బొమ్మ వస్తే దాన్ని యంత్రంచేత రద్దు చేయించిన నిర్వాహకులు కూడా ఉన్నారు.

1995 అక్టోబరులో ఈ మర్యాదలన్నీ ఒకచోట కూర్చి ఒక పత్రం వెలువరించారు. ఆర్‌ఎఫ్‌సి 1855 అని దాని నంబరు. కూర్చినది సాలీ హాంబ్రిడ్జ్ అని, ఇంటెల్ కంపెనీలో పనిచేసే ఆవిడ. ఆడది కూర్చిన పత్రం కాబట్టి గొప్పగా చెప్పడం లేదు గానీ, ఇల్లు నడిపినవాళ్ళకి తెలిసే సూక్ష్మం ఒకటి అందులో ఉంది. తపాలా ఉత్తరానికి బిళ్ళ ఖర్చు పంపేవాళ్ళదే. కంప్యూటరు ఉత్తరానికి అందుకునేవాళ్ళు కూడా దాదాపు సమానంగా పెట్టుకుంటారట. కనక పంపేటప్పుడు పొదుపుగా ఉండండి, అందుకునేటప్పుడు ఉదారంగా ఉండండి అని ఆవిడ సలహా. ఇంకా చెప్పిందేమిటంటే, మండిపడి రాసే జవాబైతే ఒక రాత్రి ఆగి పంపండి. ఒక మనిషితో పేచీ వస్తే గుంపులో కాకుండా ఆ మనిషికే విడిగా రాసుకోండి అని.

చూశారా! నియమంలో రెండు సగాలున్నాయి. మిచిగన్ ఆవిడ తెలియక మొదటి సగం దాటింది. అన్నీ తెలిసిన పెద్దమనిషి రెండో సగం దాటాడు. శిక్ష మాత్రం ఒకరికే పడింది. "అమ్మా, పాపాయి చల్లగా ఉండాలి. మాకు బొమ్మ కనిపించడం లేదు, ఎలా ఉందో రాయండి" అని ఆయన విడిగా ఒక్క ముక్క రాసి ఉంటే ఆవిడ ఓ పేజీ రాసేది. మేమందరం అక్షింతలు వేసేవాళ్ళం.

"అదంతా పాతకాలం. ఇప్పుడు నాలుగు నిమిషాలెక్కడ, రెప్పపాటులో సినిమాయే వస్తుంటే?" అంటారు. నిజమే, ఆ లెక్క చెల్లిపోయింది. యూజ్‌నెట్‌లోకి జాబులు రాసే సౌకర్యాన్ని గూగుల్ వాళ్ళు కూడా 2024 ఫిబ్రవరి 22న తీసేశారు. మరింకా అక్షరాల నియమమేమిటి, ఛాదస్తం కాకపోతే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుందును, మా పిన్ని లేకపోతే.

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. నీటికాసులు వచ్చి చూపు కొద్దికొద్దిగా తగ్గి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప తెలియదు. అయినా చదువు మానలేదు. ఫోనులో టాక్‌బ్యాక్ అని ఒక ఏర్పాటుంది. తెరమీద వేలు ఎక్కడ పెడితే అక్కడి అక్షరాల్ని పైకి చదువుతుంది. తెలుగూ చదువుతుంది. జవాబు రాయాలంటే నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ పిన్ని మళ్ళీ విని సరిదిద్దుతుంది. టీచరు కదా!

మేం ఓ పదిహేనుమంది ఆడవాళ్ళం ఈమెయిలు గుంపు ఒకటి నడుపుకుంటున్నాం. వారానికొక పాత కథ చదివి మాట్లాడుకోవడం. అందులో కూడా అక్షరాలే అన్నది మొదటినించీ ఉన్న నియమం. మా అందరిలోకీ కథని బాగా పట్టుకునేది పిన్నే. ఆవిడ ఉత్తరం వచ్చిందాకా వారం పూర్తయినట్టుండదు. ఆవిడకి చూపు లేదన్న సంగతి గుంపులో నాకు తప్ప ఎవరికీ తెలియదు. "చెబితే నా ఉత్తరాల్ని జాలిగా చదువుతారే. ఇప్పుడైతే పోట్లాడుతున్నారు, హాయిగా ఉంది" అంటుంది.

కిందటేడు బెంగుళూరు నించి ఒక అమ్మాయి చేరింది. ఉత్సాహం, తెలివి రెండూ ఉన్న పిల్ల. తన వంతు వచ్చినప్పుడు వాళ్ళ అమ్మమ్మ దాచిన పాత వారపత్రికలోంచి ఒక కథ వెతికి తీసింది. 12 పేజీలు. ఓపిగ్గా పేజీకొక ఫొటో తీసి గుంపుకి పంపేసింది. అందరూ ఆహా అన్నారు. రెండ్రోజులు చర్చ జోరుగా సాగింది. పిన్ని పేరు లేదు. మూడోనాడు నాకు ఫోను చేసింది.

"ఇవాళ్టి కథకి నన్ను పిలవలేదేమే?" అంది.

కోపం లేదు గొంతులో. అదే నాకు కష్టమనిపించింది. ఆవిడ ఫోను ఆ ఉత్తరాన్ని ఎలా చదివిందో వినిపించింది. "ఐ, ఎమ్, జి, అడ్డగీత, రెండు, సున్నా, రెండు..." ఫొటోల పేర్లు, వాటి అంకెలు. 12 సార్లు. కథలో ఒక్క మాట లేదు. బొమ్మలోని అక్షరాల్ని చదివిపెట్టే సాధనాలు ఇప్పుడు వచ్చాయి, నిజమే. అదీ ప్రయత్నించిందట. పాత అచ్చు, కాగితం పసుపెక్కింది, ఫొటో కాస్త వంకర. ఒత్తులన్నీ మింగేసి, పక్క కాలమ్‌లో ఉన్న తలనూనె ప్రకటనని కథానాయిక నోట్లో పెట్టిందట. పిన్ని చెబుతూ నవ్వింది. నవ్వి, "ఇంక మానేస్తానే గుంపు. వాళ్ళ సరదా ఎందుకు పాడుచెయ్యాలి?" అంది.

అప్పుడర్థమైంది నాకు ఆ నియమం విలువ. నియమం ఉన్నన్నాళ్ళూ పిన్ని ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకపోయింది. "నాకు కనపడదు, నాకోసం మీరు ఇలా చెయ్యండి" అని చేతులు జోడించనక్కర్లేకపోయింది. అందరితో సమానంగా వచ్చి కూర్చుంది. నియమం సడలిన మరుక్షణం, ఆవిడ ముందు రెండే దారులు. తన సంగతి పదిమందిలో చెప్పుకోవడం, లేదా చప్పుడు లేకుండా లేచిపోవడం. అభిమానం ఉన్న మనిషి రెండోదే ఎంచుకుంటుంది. గుంపుల్లోంచి ఇలా లేచిపోయినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు. వెళ్ళినట్టు కూడా తెలియదు.

బెంగుళూరు అమ్మాయికి ఫోను చేశాను. పిన్ని మాట ఎత్తకుండా, "మన గుంపులో అక్షరాలే కదమ్మా, ఆ కథ టైపు చేద్దామా?" అన్నాను.

"12 పేజీలా ఆంటీ! అందరికీ ఫోన్లున్నాయిగా, పెద్దది చేసుకుని చదువుకోవచ్చుగా?" అంది. అడిగినదాంట్లో న్యాయం ఉంది.

"చదువుకోలేనివాళ్ళు ఒక్కరున్నా, ఎవరని అడక్కుండానే అందాలి కదా" అన్నాను. ఆ పిల్ల కాస్సేపు మాట్లాడలేదు. ఎవరని అడగలేదు కూడా. "నాలుగు పేజీలు మీరు, నాలుగు నేను, ఇంకో నాలుగు ఎవరు?" అంది. అనకాపల్లిలో మా స్నేహితురాలు ఒకావిడ ఒప్పుకుంది. ఆదివారానికల్లా కథ అక్షరాల్లో వెళ్ళింది. సోమవారం పొద్దున్నే పిన్ని ఉత్తరం. కథ ముగింపు తేలిపోయిందని మా అందరి అభిప్రాయాన్నీ చీల్చి చెండాడింది. బెంగుళూరు అమ్మాయి ఊరుకుంటుందా, తిరగబడింది. వారమంతా ఒకటే యుద్ధం!

ఇంతకీ ఫొటోలే తప్పని నేననడం లేదు సుమండీ. మనవరాలి పట్టులంగా చూపించుకోవాలని ఎవరికుండదు? చూపించండి. బొమ్మల గుంపులో పెట్టండి, లేదా ఇంకోచోట దాచి ఆ చిరునామా ఇవ్వండి. చూడాలనుకున్నవాళ్ళు వెళ్ళి చూస్తారు. చిరునామా పక్కన రెండు ముక్కలు రాయండి, అందులో ఏముందో. మాటల్నే ఫొటో తీసి పంపడం మాత్రం వద్దు. శుభలేఖైనా, వంటల చిట్కా అయినా, మీటింగు పిలుపైనా టైపు చేసిన నాలుగు లైన్లు అందరికీ చేరతాయి. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యు3సి సంస్థ 1999 మేలో ఇచ్చిన సూచనల్లో మొట్టమొదటిది ఇదే. బొమ్మ పెడితే దానికి సరిపడే మాటలు కూడా పెట్టండి అని. ఇక ఎవరైనా తెలియక పంపితే, పదిమందిలో చదవడం వచ్చా అని అడక్కండి. విడిగా, మెల్లిగా చెప్పండి. ముందు ఆ పాపాయి బాగుందా అని అడగండి.

బొమ్మలకి అడ్డులేని చోట కూడా ఇది పనికొస్తుంది. మా ఇంటి వాట్సాప్‌లో మావారు రోజూ పొద్దున్నే ఒక పువ్వు బొమ్మ పంపుతారు. ఎక్కడినించో వచ్చింది ఎక్కడికో తోసెయ్యడం. పిన్ని కూడా అందులో ఉంది. నేను చెప్పగా చెప్పగా మొన్న బొమ్మ కింద "గులాబీ" అని రాశారు. ఆయన లెక్కలో అది వర్ణన.

కాస్సేపటికి పిన్ని అడిగింది, "ఏ రంగు అల్లుడుగారూ?" అని.

ఈయన కళ్ళజోడు వెతుక్కుని, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా చాలాసేపు ఆ బొమ్మ వంక చూశారు. తర్వాత ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ రాశారు. "పసుపు. అంచుల్లో కొంచెం ఎరుపు. ఇది గులాబీ కాదేమో పిన్నిగారూ, మందారంలా ఉంది."